అదృష్టం – నైపుణ్యం – కాలపరిమితి

ఆట చిన్నదైనా పెద్దదైనా అందులో మూడు శక్తులు ఏకకాలంలో పనిచేస్తూ ఉంటాయి. మొదటిది ఆటగాని నైపుణ్యం, రెండవది అదృష్టం, మూడవది కాలం. మొదటి రెంటిని గురించి మన పెద్దలు కావలసినంత చర్చించారు. దైవమా, పురుషకారమా అని తెలుగువారు తర్కించినట్లే, తఖ్దీరా, తద్బీరా అని ఉర్దూవారు తరతరాలుగా వాదించుకున్నారు. మూడవదైన కాలాన్ని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకున్నట్లు కనబడదు. గోడమీది గడియారాన్ని ఆటకు వెలుపలి వస్తువుగా భావించడమే మనకు అలవాటు. నిజానికి ఒక పోటీ న్యాయంగా జరిగిందా లేదా అన్న విషయం అన్నిటికంటె ఎక్కువగా తేలేది ఆ గడియారం దగ్గరేనని నా అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని సమర్థించుకోవడానికి మన విద్యార్థులలో కొందరికి మాత్రమే పరిచయమున్న ఒక క్రీడను ఉదాహరణగా గ్రహిస్తున్నాను. అది పాశ్చాత్య దేశాలలోనూ, జపానులోనూ విశేష ప్రచారం పొందిన ట్రేడింగ్ కార్డుల ఆట. అక్కడ తేలిన పాఠం మన కళాశాలలో జరిగే పోటీలకు ఏ విధంగా వర్తిస్తుందో చివర విన్నవిస్తాను.

ఈ ఆటకు ఆద్యుడు రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికా గణితశాస్త్రజ్ఞుడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేటు పొందిన ఆయన రూపొందించిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే ఆటను విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ 1993లో విడుదల చేసింది. తరువాత జపానులో 1996లో పోకెమాన్ కార్డుల ఆట, 1999లో యు-గి-ఓ కార్డుల ఆట వెలువడ్డాయి. మనం ఎరిగిన పేకాటకూ వీటికీ ముఖ్యమైన భేదం ఒకటి ఉన్నది. పేకలో ముక్కలు 52. అవి అందరికీ ఒక్కటే. ఇక్కడ కార్డులు వేల రకాలు. ఆటగాడు వాటిని మూసిన ప్యాకెట్లలో కొనుక్కొని, తోటివారితో మార్చుకొని, తన కట్టను తానే కూర్చుకొని పోటీకి వస్తాడు. మ్యాజిక్ ఆటలో అలా కూర్చిన కట్టలో కనీసం 60 కార్డులుండాలి. సామాన్యమైన భూమి కార్డులు తప్ప ఒకే కార్డు నాలుగుకు మించి ఉండరాదు. ఇద్దరు ప్రత్యర్థులు చెరి 20 ప్రాణాంకాలతో ఆరంభించి, ఎదుటివారి అంకెను సున్నకు దించడానికి ప్రయత్నిస్తారు. స్థూలంగా ఆట స్వరూపం ఇది.

ఇందులో అదృష్టం ఎక్కడున్నదో చూద్దాం. భూమి కార్డులు శక్తిని సమకూరుస్తాయి. ఆ శక్తిని వెచ్చించి మిగిలిన కార్డులను ప్రయోగించాలి. భూమి లేనివాని చేతిలో ఎంత గొప్ప కార్డున్నా విత్తనాలుండీ పొలం లేని రైతు పరిస్థితే అతనిది. భూమి తప్ప మరేమీ లేనివాడు పొలముండీ విత్తనం లేనివాని వంటివాడు. 60 కార్డుల కట్టలో 24 భూములుంచుకొని, కట్టను బాగా కలిపి, మొదటి 7 కార్డులను చేతికి తీసుకున్నాడనుకుందాం. భూమి అసలే రాకపోవడమో, ఒక్కటే రావడమో నూటికి సుమారు 14 సార్లు జరుగుతుంది. ఆరు భూములో, ఏడుకు ఏడూ భూములో వచ్చి పడడం నూటికి ఒకసారి కంటె కొంచెం ఎక్కువ. అనగా ఆరేడు చేతులకు ఒకటి చొప్పున ఆట మొదలు కాకుండానే చెడిపోయే ప్రమాదం ఉన్నది. ఎంతటి మేధావి అయినా ఈ లెక్కను తప్పించుకోలేడు.

అయితే నైపుణ్యం చేతులు ముడుచుకొని కూర్చోదు. చెడు చేతిని నిరాకరించి తిరిగి కార్డులు తీసుకునే హక్కు ఆటగానికి ఉన్నది. ఊరకే కాదు, దానికి కొంత మూల్యం చెల్లించాలి. 2019 నుంచి అమలులో ఉన్న పద్ధతి ప్రకారం మళ్ళీ 7 కార్డులు తీసుకొని, ఎన్నిసార్లు నిరాకరించాడో అన్ని కార్డులను కట్ట అడుగుకు చేర్చాలి. ఏ చేతిని ఉంచుకోవాలి, దేనిని వదులుకోవాలి అన్న నిర్ణయం నిపుణునికీ సామాన్యునికీ భేదం తెలిపే మొదటి పరీక్ష. ఎన్ని భూములుంచుకోవాలి, రాగల ప్రత్యర్థులు ఎటువంటి కట్టలతో వస్తారు, ఏ కార్డును ఏ వంతులో ప్రయోగించాలి, దేనిని దాచుకోవాలి – ఇవన్నీ తరువాతి పరీక్షలు.

కేవలం అదృష్టమే అయితే ఒకే వ్యక్తి పదేపదే గెలవడం అసంభవం. 1996లో న్యూయార్కులో ఆరంభమైన 'ప్రో టూర్' అనే అంతర్జాతీయ పోటీలలో జర్మనీకి చెందిన కై బుడ్డె 1999 నుంచి 2003 లోపల, జట్టు పోటీలతో కలిపి, ఏడు విజయాలు సాధించాడు. అమెరికాకు చెందిన జాన్ ఫింకెల్ 1998లో ఒకటి, 2000లో ప్రపంచ పోటీ, 2008లో కౌలాలంపూరులో మరొకటి గెలిచాడు. వందలాది ఉద్దండులు పాల్గొనే పోటీలలో పదేండ్ల వ్యవధిలో మూడుసార్లు అగ్రస్థానం పొందడాన్ని గుడ్డెద్దు చేలో పడినట్లని కొట్టివేయడానికి వీలులేదు.

అదృష్టం పెరిగితే నైపుణ్యం తరుగుతుందనీ, నైపుణ్యం పెరిగితే అదృష్టం తరుగుతుందనీ, ఈ రెండూ త్రాసులోని రెండు సిబ్బెల వంటివనీ సామాన్యంగా అనుకుంటారు. గార్ఫీల్డ్ ఈ భావనను అంగీకరించలేదు. ఆయన ఉపన్యాసాలలో చెప్పే ఒక ఉదాహరణ చాలా సొగసైనది. ఇద్దరు చదరంగం ఆడతారు. ఆట ముగిసిన తరువాత పాచిక వేస్తారు. ఒకటి పడితే ఓడినవాడే గెలిచినట్లు. ఈ వింత ఆటలో చదరంగంలోని నైపుణ్యం ఆవగింజంతైనా తగ్గలేదు, అదృష్టం మాత్రం వచ్చి చేరింది. దీనికి విరుద్ధంగా పిల్లలు పలకమీద ఆడుకునే సున్నాలు-ఇంటూల ఆటలో అదృష్టం ఏ కోశానా లేదు. పెద్ద నైపుణ్యమూ లేదు. కాబట్టి ఫలానా ఆటలో అదృష్టమున్నది గనుక అది తక్కువ రకం ఆట అనడం తొందరపాటు. పైగా అదృష్టానికి ఒక ఉపకార గుణం ఉన్నది. బలహీనుడు అప్పుడప్పుడైనా బలవంతుని గెలవగలిగినప్పుడే కొత్తవాడు మళ్ళీ ఆటకు వస్తాడు. నేర్చుకోవాలన్న ఉత్సాహం నిలుస్తుంది.

ఈ వివాదం మన ప్రాంతానికి కొత్తది కాదన్న సంగతి ఇక్కడ ప్రస్తావించడం అప్రస్తుతం కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడడం జూదమా కాదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ, కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో 1967 నవంబరులో జస్టిస్ ఎం. హిదాయతుల్లా తీర్పు వెలువరించారు. ముక్కలు కలిపి పంచడంలో అదృష్టమున్నమాట నిజమే, బ్రిడ్జి ఆటలోనూ ఉన్నది. కానీ పడిన ముక్కలను జ్ఞాపకముంచుకోవడంలోనూ, దేనిని ఉంచుకోవాలో దేనిని విడవాలో నిర్ణయించుకోవడంలోనూ నైపుణ్యమే అధికమని ఆ తీర్పు సారాంశం. ఆటను సాకుగా పెట్టుకొని క్లబ్బు లాభం గడిస్తే మాత్రం సంగతి వేరని కూడా ఆ తీర్పే హెచ్చరించింది. తరువాతి కాలంలో డబ్బు పందెంతో ఇంటర్నెట్టులో ఆడే రమ్మీని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం పాటించకుండా ఇంటర్నెట్టులోని డబ్బు పందేల ఆటలన్నిటినీ నిషేధించి, పందెం లేని క్రీడలను వేరుగా గుర్తించింది. నైపుణ్యమున్నంత మాత్రాన పందెం నిర్దోషమైపోదన్న వివేకం ఇందులో ఉన్నది. నేను ఈ వ్యాసంలో మాట్లాడుతున్నది పందేలను గురించి కాదు, పోటీలను గురించి.

పోటీ నిర్వహించేవారి కర్తవ్యం అదృష్టాన్ని నిర్మూలించడం కాదు, దాని పెత్తనాన్ని తగ్గించడం. అందుకు మందు ఒక్కటే: ఎక్కువ ఆటలు ఆడించడం. నూటికి 60 ఆటలు గెలవగల సమర్థుడొకడున్నాడనుకోండి. ఒకే ఆటతో ఫలితం తేల్చే నాకౌటు పద్ధతిలో మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టే అవకాశం అతనికి నూటికి 40 పాళ్ళున్నది. 32 మంది పాల్గొన్న పోటీలో వరుసగా ఐదు రౌండ్లు గెలిచి విజేత కాగల అవకాశం నూటికి 8 పాళ్ళు కూడా లేదు. అదే ప్రతి రౌండులోనూ మూడింట రెండు ఆటలు గెలవాలన్న నియమం పెడితే, రౌండు గెలిచే అవకాశం నూటికి 65కు, పోటీ గెలిచే అవకాశం నూటికి 11కు పైగా పెరుగుతాయి. పెరిగినా అవి ఎంత స్వల్పమో గమనించండి. ఒక్క పోటీలో గెలిచినవాడే అందరిలోకీ శ్రేష్ఠుడని గానీ, ఓడినవాడు అసమర్థుడని గానీ నిర్ణయించడం గణితశాస్త్రం ఒప్పుకునే పని కాదు.

అందుచేతనే కార్డుల పోటీలలో 'స్విస్ పద్ధతి'ని అవలంబిస్తారు. 1895లో జ్యూరిక్ నగరంలో జరిగిన చదరంగ పోటీలో మొదట ప్రవేశపెట్టిన విధానమిది. ఇందులో ఒక్క ఓటమితో ఎవరూ నిష్క్రమించరు. ప్రతి రౌండులోనూ సమానమైన పాయింట్లున్నవారిని జతపరుస్తారు. గెలిస్తే మూడు పాయింట్లు, ఆట తేలకపోతే చెరి ఒకటి, ఓడితే సున్న. ఆరేడు రౌండ్లు గడిచేసరికి సమర్థులు క్రమంగా పైకి తేలుతారు. మొదటి రౌండులో భూములు రాక ఓడినవానికి కూడా మళ్ళీ నిలదొక్కుకునే దారి ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. అదృష్టాన్ని తగ్గించే మందు ఎక్కువ ఆటలైతే, ఆ మందుకు చెల్లించవలసిన ధర కాలం. 200 మంది పాల్గొనే పోటీకి 8 రౌండ్లు, రౌండుకు 50 నిమిషాలు అనుకున్నా, ఆటకే 6 గంటల 40 నిమిషాలు కావాలి. ఫలితాలు నమోదు చేసుకోవడానికీ, జతలు ప్రకటించడానికీ పట్టే సమయం దీనికి అదనం. ఒక్క బల్ల దగ్గర ఇద్దరు ఐదు నిమిషాలు ఆలస్యం చేస్తే మిగిలినవారందరూ తరువాతి రౌండు కోసం నిలబడవలసిందే. 200 మందికీ కలిపి చూస్తే 1,000 నిమిషాలు వ్యర్థమైనట్లు. కాబట్టి కాలపరిమితి అవసరమా అన్నది ప్రశ్న కాదు. ఆ పరిమితిని ఏ విధంగా విధించాలన్నదే ప్రశ్న.

మ్యాజిక్ పోటీలలో దశాబ్దాల తరబడి నడిచిన పద్ధతి ఇది. రౌండుకు 50 నిమిషాలు. గంట మోగగానే ఆడుతున్నవాని వంతు పూర్తవుతుంది. ఆపై ఇద్దరికీ కలిపి మరి ఐదు వంతులు. అప్పటికీ ఆట తేలకపోతే అది డ్రా. వినడానికి ఎంతో సమంజసంగా ఉన్నది. కానీ ఇందులో ఒక లోపం దాగి ఉన్నది. ఆ 50 నిమిషాలు ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి కుటుంబంలో ఖర్చుదారైన అన్నదమ్ముడు ఒకడుంటే చాలు, రెండవవాని భాగం కూడా హరించుకుపోతుంది. ఒకడు 35 నిమిషాలు ఆలోచనకు వాడుకుంటే రెండవవానికి మిగిలేది 15 నిమిషాలే.

మొదటి ఆట గెలిచినవాని స్థితిని ఊహించండి. రెండవ ఆట సగంలో ఉండగా గంట మోగి, అదనపు వంతులలోనూ అది తేలకపోతే, ఒక విజయంతో రౌండు అతనిదే. వేగంగా ఆడడం వలన అతనికి లాభం లేదు. మొదటి ఆట ఓడినవాడు మాత్రం మిగిలిన రెండూ గెలవాలి. ప్రతి నిమిషమూ అతనికి ప్రాణప్రదమే. నిదానమే ప్రధానమని ఒకడు కార్డులు సర్దుకుంటూ కూర్చుంటే, ఆలస్యం అమృతం విషమని రెండవవాడు తల్లడిల్లుతాడు. రెండు సామెతలూ మనవే, రెండూ సత్యమే. కానీ రెండింటికీ గడియారం ఒక్కటే అయినప్పుడు మొదటివాని నిదానం రెండవవానికి విషమవుతుంది.

ఈ మూడు శక్తులకూ గల ప్రధాన భేదం ఇక్కడే బయటపడుతున్నది. చేతికి వచ్చిన కార్డులను ఎదుటివాడు లాగుకోలేడు. అలవరచుకున్న నైపుణ్యాన్ని అపహరించలేడు. ఉమ్మడి గడియారంలోని కాలాన్ని మాత్రం ఎదుటివాడు నిక్షేపంగా దొంగిలించగలడు. దొంగిలించినట్లు రుజువు కూడా దొరకదు, ఎందుకంటే ఆలోచిస్తున్న ముఖమూ, ఆలోచిస్తున్నట్లు నటిస్తున్న ముఖమూ ఒకే తీరుగా ఉంటాయి.

నియమావళి రచించినవారు ఈ చిక్కును గుర్తించకపోలేదు. స్వభావరీత్యా మందకొడిగా ఆడడాన్ని ఒక పొరపాటుగా భావించి న్యాయనిర్ణేత హెచ్చరిక ఇస్తాడు. గడియారాన్ని ఆయుధంగా చేసుకొని బుద్ధిపూర్వకంగా ఆలస్యం చేయడాన్ని మోసంతో సమానంగా పరిగణించి పోటీ నుంచే బహిష్కరిస్తాడు. ఈ రెంటికీ మధ్యనున్న గీత ఆటగాని మనస్సులో ఉన్నది, బల్లమీద లేదు. ఒక ఎత్తుకు ఇన్ని సెకన్లని లెక్క లేదు. సమంజసమైన వేగమన్న మాట మాత్రమే ఉన్నది. ఎంత నిష్పక్షపాతి అయినా న్యాయనిర్ణేత ఇక్కడ ఊహ మీద ఆధారపడక తప్పదు.

కాలాన్ని కాపాడడానికి కొన్ని కార్డులనే నిషేధించవలసి వచ్చిందంటే సమస్య ఎంత తీవ్రమో తెలుస్తుంది. 'సెకండ్ సన్‌రైజ్' అనే కార్డు ఆధారంగా కూర్చిన ఒక కట్టలో, ఒకే వంతు అనేక నిమిషాలపాటు సాగేది. ఎదుటివాడు చేసేదేమీ లేక చూస్తూ కూర్చోవాలి. ఇంతా చేసి ఆ వంతు గెలుపుతో ముగుస్తుందన్న నమ్మకమూ లేదు. 2012లో ఆ కట్టతో ఒక ప్రో టూర్ విజయం కూడా లభించింది. రౌండ్లు అతిగా సాగుతున్నాయన్న కారణంతోనే 2013లో ఆ కార్డును 'మోడర్న్' అనే విభాగంలో నిషేధించారు. 'సెన్సేయిస్ డివైనింగ్ టాప్' అనే మరొక కార్డు, కట్ట పైనున్న మూడు కార్డులను చూసి తిరిగి అమర్చుకునే వీలు కల్పిస్తుంది. చూడడం, తలచడం, మార్చడం, మళ్ళీ చూడడం – ఈ తతంగం వంతు వంతుకూ సాగేది. దానిని 2017లో 'లెగసీ' విభాగం నుంచి తొలగించినప్పుడు, ఆ కార్డుతో ఆడే కట్ట ఆధిక్యంతో పాటు, పోటీల నిర్వహణకు కలుగుతున్న ఆలస్యాన్ని కూడా కారణంగా చూపారు.

యు-గి-ఓ పోటీలలో వేరొక దారి తొక్కారు. సమయం ముగిసేసరికి ఎవరి ప్రాణాంకాలు ఎక్కువగా ఉంటే వారే విజేతలన్న నియమం పెట్టారు. డ్రాల బెడద తగ్గిన మాట నిజమే. కానీ పర్యవసానం ఏమైనది? గంట మోగే వేళకు నాలుగు అంకెలు కూడబెట్టుకోవడానికో, ఎదుటివానివి నాలుగు తగ్గించడానికో పనికివచ్చే కార్డులను కొందరు అందుకోసమే వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆట ఒకటి, గంట దగ్గరపడ్డాక ఆడే ఆట మరొకటి అయినది. కాలపరిమితి నియమాన్ని కొంచెం మార్చినా నైపుణ్యమనే మాటకు అర్థమే మారిపోతుందనడానికి ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

చదరంగం ఈ కష్టాన్ని నూరేళ్ళకు ముందే అనుభవించింది. 1851లో లండనులో జరిగిన అంతర్జాతీయ పోటీలో కాలపరిమితి లేదు. ఎలైజా విలియమ్స్ అనే ఆటగాని మందకొడితనాన్ని గురించి హోవర్డ్ స్టాంటన్ చేసిన ఫిర్యాదులు చరిత్రలో నిలిచిపోయాయి. 1861లో ఆండర్సన్, కోలిష్‌ల మధ్య జరిగిన పోటీలో ఇసుక గడియారాలు వాడారు. 1883లో లండను పోటీలో, ఒకటి నడుస్తుంటే రెండవది ఆగిపోయే జంట గడియారం వచ్చింది. దానితో ఎవరి కాలం వారిదైనది. ఎంత ఆలోచించినా తన ముల్లే కదులుతుంది గాని ఎదుటివానిది కదలదు. ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు కలిపే పద్ధతిని బాబీ ఫిషర్ రూపొందించగా, 1992లో ఫిషర్, స్పాస్కీల పోటీలో అది ఆచరణలోకి వచ్చింది. గుడివాడలో జన్మించిన మన కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ ప్రపంచ మహిళా ర్యాపిడ్ చదరంగ విజేతగా నిలిచినది ఇటువంటి గడియారంతోనే. ఆటకు 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్ల అదనం. అక్కడ వేగంగా, తప్పు లేకుండా నిర్ణయించగలగడం నైపుణ్యంలో అంతర్భాగం.

కార్డుల ఆటకు ఈ జంట గడియారం ఎందుకు పెట్టరాదని అడగవచ్చు. కంప్యూటరుపై 2002 నుంచి నడుస్తున్న 'మ్యాజిక్ ఆన్‌లైన్'లో పెట్టారు కూడా. చెరి 25 నిమిషాలు, ఎవరి కాలం అయిపోతే వారిదే ఓటమి. బల్లమీద మాత్రం ఒకే వంతులో నిర్ణయాధికారం ఇద్దరి మధ్య అనేకసార్లు చేతులు మారుతుంది. ప్రతిసారీ గడియారం మీట నొక్కడం మనుషులకు సాధ్యమయ్యే పని కాదు. కాబట్టి అక్కడ మనస్సాక్షే గడియారం కావలసి ఉన్నది.

కాలపరిమితి లోతుగా ఆలోచించేవానికి అన్యాయం చేస్తుందని కొందరి ఆక్షేపణ. ఇది తోసిపుచ్చదగినది కాదు. అయితే పరిమితి లేనిచోట ఆలోచనాపరునికి కాదు, ఓపిక నశింపజేయగల మొండివానికే లాభమని 1851 నాటి అనుభవం చెబుతున్నది. పరిమితిని ముందుగా ప్రకటించి, ఎవరి భాగం వారికి కేటాయించినప్పుడు, దానిని ఏ విధంగా ఖర్చుపెట్టుకోవాలన్నది ఆటగాని వివేకం. అప్పుడు ఓడిపోయి గడియారాన్ని నిందించడం ఆడలేక మద్దెల ఓడన్నట్లే అవుతుంది. ముందుగా ప్రకటించక, ఎవరి భాగం ఎంతో చెప్పక నడిపిన పోటీలో మాత్రం మద్దెల నిజంగానే ఓడు. ఆ నింద నిర్వాహకులు భరించవలసినదే.

ఇప్పుడు మన కళాశాలకు వస్తాను. వార్షికోత్సవాల సందర్భంగా జరిపే చదరంగం, క్యారమ్స్ పోటీలు సాధారణంగా ఒకే ఆటతో తేలిపోయే నాకౌటు పద్ధతిలో సాగుతాయి. పైన చూపిన లెక్క వాటికీ వర్తిస్తుంది. సాయంత్రం గదికి తాళం వేసే వేళ దాటినప్పుడు రూపాయి బిళ్ళ ఎగరవేసి విజేతను నిర్ణయించడం ఎక్కడ జరిగినా అది ఏడాదిపాటు సాధన చేసిన విద్యార్థికి చేసే అవమానమే. వక్తృత్వ పోటీల సంగతి మరీ శోచనీయం. ఐదు నిమిషాలని నియమించి, వాగ్ధాటి గలవాడు తొమ్మిది నిమిషాలు మాట్లాడినా గంట కొట్టడానికి మొగమాటపడతాము. ఆ నాలుగు నిమిషాలు ఆకాశం నుంచి ఊడిపడవు. జాబితాలో చివరనున్న విద్యార్థినీ విద్యార్థుల భాగంలోనుంచి వచ్చినవే అవి. రెండు నిమిషాలలో ముగించవలసిందని చివరివారిని కోరవలసి వచ్చినప్పుడు, సభా నిర్వాహకులుగా మనం ఒకరి కాలాన్ని తీసి మరొకరికి కట్టబెట్టినవారమే అవుతాము. తొలిసారి వేదిక ఎక్కే సాహసం చేసిన పిల్లలే తరచుగా ఆ చివరి వరుసలో ఉంటారన్నది మరువరాదు.

ఈ కారణాల వలన కళాశాల కమిటీ వారికి కొన్ని సూచనలు విన్నవించుకుంటున్నాను. చదరంగాన్ని స్విస్ పద్ధతిలో, ఆటగానికి ఇన్ని నిమిషాలని నిర్ణయించి ఆడించాలి. జంట గడియారాలు కొనలేకపోతే ఆ పని చేసిపెట్టే సదుపాయం నేడు సెల్‌ఫోనులలో ఉచితంగానే దొరుకుతున్నది. క్యారమ్స్‌లో మూడింట రెండు గెలవాలన్న నియమం ఉంచాలి. సమయం ముగిసినప్పుడు ఆట తేలకపోతే ఏమి చేస్తారన్నది పోటీకి ముందే నోటీసు బోర్డుపై తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రకటించాలి. వక్తృత్వ పోటీలలో వరుసక్రమాన్ని చీటీలు తీసి నిర్ణయించాలి. గడువు దాటిన ప్రతి అర నిమిషానికీ మార్కులు తగ్గించాలి. ఈ నియమం లెక్చరర్ల అభిమాన శిష్యులకు కూడా సమానంగా వర్తించాలి. వీటిలో ఏ ఒక్కటీ ఖర్చుతో కూడిన పని కాదు. కావలసినది కొంత దృఢత్వం మాత్రమే.

విద్యార్థులకు చెప్పవలసినది మరికొంత ఉన్నది. మీ ముందున్న పోటీ పరీక్షలలోనూ ఈ మూడు శక్తులే మీకు ఎదురవుతాయి. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ప్రశ్నకు ఒక నిమిషం దాటి కొన్ని సెకన్లు. చదివిన అధ్యాయం నుంచే ప్రశ్న రావడం కొంతవరకు అదృష్టం. దానికి జవాబు వ్రాయగలగడం నైపుణ్యం. అక్కడ మీ గడియారం మీదే. పక్క బల్లమీది వాడు దానిని దొంగిలించలేడు. దొంగిలించగలవారు మీరొక్కరే – తెలియని ప్రశ్న దగ్గర పంతానికి పోయి కూర్చుంటే. వచ్చిన చేతిని చూసి ఉంచుకోవాలో వదులుకోవాలో కార్డుల ఆటగాడు ఎంత నిబ్బరంగా తేల్చుకుంటాడో, ప్రశ్నపత్రం ముందు మీరూ అంత నిబ్బరంగా తేల్చుకోవాలి.

గెలిచిన రోజున అందులో అదృష్టం పాలు కూడా ఉన్నదని గుర్తుంచుకుంటే వినయం అలవడుతుంది. ఓడిన రోజున ఒక్క ఓటమి ఎవరి విలువనూ నిర్ణయించజాలదన్న గణిత సత్యాన్ని గుర్తుంచుకుంటే ధైర్యం నిలుస్తుంది. ఈ రెండు రోజులలోనూ ఎదుటివాని కాలాన్ని తన కాలమంత గౌరవంగా చూడగలిగిన విద్యార్థి, బహుమతి వచ్చినా రాకపోయినా, ఆటలో నేర్చుకోవలసినది నేర్చుకున్నట్లే. అటువంటివారిని తయారుచేయగల పోటీలను ఏర్పరచడం పెద్దలమైన మన బాధ్యత.